ఒప్పంద పత్రంలో హద్దులు

జిరాక్స్ మిషన్ లోంచి అప్పుడే వచ్చిన కాగితం వెచ్చగా ఉంటుంది, కాస్త మాడిన వాసన వేస్తుంది. నిన్న ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర ఖాజా భాయ్ కొట్లో అలాంటి వెచ్చని కట్ట ఒకటి చేతిలోకి తీసుకోగానే నాకు ముందు కోపం వచ్చింది, ఆ తర్వాతే విజయరత్నం అయ్యగారు గుర్తొచ్చారు. ఆయన విషయంలో నాకు ఎప్పుడూ ఇదే వరస. కాగితం మీద పెద్దక్షరాలతో, ప్రపంచంలోని ఆంగ్లికన్ సంఘాల మధ్య ఉమ్మడి ఒప్పందం గురించి కొత్త ప్రతిపాదనలు అని ఉంది. మళ్ళీ కొత్తవట. మళ్ళీ చదవాలట, మళ్ళీ చర్చించాలట, మళ్ళీ అభిప్రాయం రాసి పంపాలట. మా చర్చి కమిటీకి ఇప్పుడు నేనే కార్యదర్శిని కాబట్టి ఆ బరువు తిన్నగా వచ్చి నా నెత్తిన కూర్చుంది. "సునీత మేడం, ఈసారి ఒక్కొక్క పేజీ నేనే చూసిన. ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు ఖాజా భాయ్ నవ్వుతూ. ఆయన ఎందుకు నవ్వాడో చెప్పాలంటే అయ్యగారి గురించి చెప్పాలి.

మా దగ్గర చర్చి పాస్టరుని అయ్యగారు అంటాం. అయ్యగార్లు వస్తుంటారు, కొన్నేళ్ళుండి బదిలీ మీద పోతుంటారు. విజయరత్నం అయ్యగారు మెదక్ వైపు నుంచి వచ్చారు. పొట్టి మనిషి, బట్టతల, ఎక్కడ ఆగిపోతుందో తెలియని పాత స్కూటరు. గొప్ప ప్రసంగాలేం చేసేవారు కాదు. పాట ఎత్తుకుంటే రాగం ఒకవైపు, ఆయన ఒకవైపు. ఆయనకు వచ్చిన విద్య ఒక్కటే, మనుషుల్ని కూర్చోబెట్టడం. మా వైపు తగువు తీర్చడానికి నలుగురు చేరడాన్ని కూర్చోవడం అంటారు. మిగతా వాళ్ళు కూర్చునేది తగువు తేల్చి లేవడానికి. అయ్యగారు కూర్చునేది కూర్చోవడానికే. మైకు పాడైందంటే "కూసుందాం" అనేవారు. క్రిస్మస్‌కు బిర్యానీయా పులిహోరా అంటే కూసుందాం. గోడలకు సున్నం ఎప్పుడు వేయించాలన్నా కూసుందాం. కూర్చుని కూర్చుని కమిటీ వాళ్ళ నడుములు పట్టేశాయి. ప్లాస్టిక్ కుర్చీలు తానే మోసుకొచ్చి గుండ్రంగా వేసేవారు. ఒక్క కుర్చీ ఖాళీగా ఉన్నా మాట మొదలుపెట్టేవారు కాదు. ఒకసారి కమిటీ పెద్ద దానియేలు మామ రాలేదని స్కూటరేసుకుని పొలానికి వెళ్ళారు. మామ ట్రాక్టరుతో దున్నుతున్నాడు. దున్నకం అయ్యేదాకా గట్టు మీద ఎండలో నిలబడి, ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చారు. ఈలోగా మిగతా వాళ్ళు చర్చి మెట్ల మీద కూర్చుని ఆయన్ని తిట్టుకున్నారు. నేనూ తిట్టుకున్నాను. నాకు అందరికంటే ఎక్కువ తొందర.

నా తొందర ఏమిటంటే, నేను నర్సింహను పెళ్ళి చేసుకున్నాను. నర్సింహ వాళ్ళది తరతరాలుగా వ్యవసాయం చేసుకునే హిందూ కుటుంబం. ఇద్దరం ఒకే ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేవాళ్ళం. నేను తెలుగు, ఆయన లెక్కలు. గుడీ వద్దు, చర్చీ వద్దని రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళి సంతకాలు పెట్టాం. మా చర్చిలో ప్రతి నెలా మొదటి ఆదివారం సంస్కారం ఉంటుంది. అందరూ ముందుకెళ్ళి మోకాళ్ళూనితే అయ్యగారు రొట్టె, ద్రాక్షారసం ఇస్తారు. దాన్ని మేం బల్ల అంటాం. చర్చి బయట, మతం బయట పెళ్ళి చేసుకున్నవాళ్ళని కమిటీ బల్లకు దూరం పెట్టడం మా దగ్గర పాత ఆనవాయితీ. ఆరాధనకు రావచ్చు, పాటలు పాడవచ్చు, చందాలివ్వవచ్చు, ఊడ్చవచ్చు, తుడవవచ్చు. బల్ల దగ్గరికి మాత్రం రాకూడదు. విజయరత్నం అయ్యగారికి ముందున్న అయ్యగారి కాలంలోనే నన్ను అలా దూరం పెట్టారు. నేను రోషం కొద్దీ తట్టుకున్నాను. కానీ మా అమ్మ శాంతమ్మ ఏం చేసిందంటే, తనూ వెళ్ళడం మానేసింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి బల్ల తప్పని మనిషి, అందరూ లేచి ముందుకు వెళ్తుంటే వెనక బెంచీలో నా పక్కన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చునేది.

"నువ్వు పోవే అమ్మా. నన్ను ఆపిన్రు గని నిన్నెవలు ఆపలే కదా" అని నేను గుసగుసగా కసిరేదాన్ని.

"నువ్వు పోయిన్నాడే నేను పోత" అనేది అమ్మ. అంతే. ఇంక ఎంత గింజుకున్నా ఆమె నోట్లోంచి మరో మాట వచ్చేది కాదు. మొదటి ఆదివారం వస్తోందంటే నాకు చర్చికి వెళ్ళాలనిపించేది కాదు. నన్ను దూరం పెట్టినందుకు కాదు, నా మూలంగా ఆమె ఆకలితో కూర్చున్నట్టుగా ఉండేది.

విజయరత్నం అయ్యగారు కొత్తగా వచ్చారు, మెత్తని మనిషట అని విని ఆశగా వెళ్ళాను. "అయ్యగారు, మీరు ఒక్క మాటంటే అయిపోతది" అన్నాను. ఆయన కాదనలేదు. "అవ్, అయిపోతది. నేనున్నన్ని దినాలు అయిపోతది. నేను పోయినంక? వచ్చేటాయన మళ్ల లేపి ఎనకకు పంపిస్తె ఏం జేస్తవ్? నేను తెరిచింది నాతోనే పోతది బిడ్డా. వాళ్ళు తెరిస్తె ఉంటది. కమిటీతోని కూసుందాం" అన్నారు. మాట బాగానే ఉంది. వినడానికి ఎంత బాగుందో, భరించడానికి అంత కష్టంగా ఉంది. కమిటీ ఎన్నిసార్లు కూర్చున్నా దానియేలు మామ దగ్గర ఆగిపోయేది. ఆయన మా అమ్మకు వరసకు అన్న. ఎత్తుకు పెంచిన చెల్లెలు వెనక బెంచీలో కూర్చుంటే చూస్తూ కూడా "కాయిదా కాయిదానే" అనేవాడు, నియమం నియమమే అని. ఎందుకని అడిగితే ముఖం అటు తిప్పుకునేవాడు. అయ్యగారు గట్టిగా ఒక్కసారి అడిగితే ఏం పోయింది? అడిగేవారు కాదు. "ఆయన తయారైతలేడు. ఇంకోసారి కూసుందాం" అని కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పెట్టేవారు.

ఆ రోజుల్లోనే హైదరాబాదు నుంచి ఈ ఒప్పందం కాగితాలు మొదటిసారి వచ్చాయి. మా చర్చి ప్రపంచమంతా ఉన్న ఆంగ్లికన్ సంఘాల కుటుంబంలోది. ఆ కుటుంబంలో అందరి మీదా అధికారం చేసే పెద్ద ఎవరూ లేరు. ఏ దేశం సంఘం ఆ దేశానిదే. ఎవరిని బిషప్పు చేయవచ్చు, ఎవరికి పెళ్ళి చేయవచ్చు అనే చోట కొన్ని దేశాల వాళ్ళు ఒకలా, కొన్ని దేశాల వాళ్ళు ఇంకోలా నిర్ణయం చేసుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకోనంత దాకా వచ్చారు. అందుకని అందరం కలిసి ఒక ఒప్పందం రాసుకుందాం, పెద్ద అడుగు వేసేముందు మిగతావాళ్ళని అడుగుదాం, కుదరకపోతే ఎంతవరకు కలిసి నడవగలమో చూద్దాం అనేది ఆ ప్రతిపాదనల సారాంశం. అయ్యగారు ఆ కాగితాలు చూసి మురిసిపోయారు. ప్రపంచం మొత్తం కలిసి "కూసుందాం" అంటోంది మరి, ఆయనకు పండగ కాక ఏమిటి? వాటిని ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చి కమిటీకి ఇవ్వాలన్నారు. ఆ పని తీసుకొచ్చి నాకు అప్పజెప్పారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "బల్లకు పనికిరాను గని అనువాదానికి పనికొస్తనా?" అని మొహం మీదే అడిగాను.

"నీకు తెలుగు వస్తది. నాకు అంత మంచిగ రాదు. గంతే" అన్నారు ఆయన, కొంచెం కూడా నొచ్చుకోకుండా.

చేశాను. ఎందుకు చేశానంటే ఆ పని మీద కమిటీలో కూర్చోవచ్చు కదా అని. మొదటి మాట దగ్గరే నెల గడిచింది. ఇంగ్లీషులో ఉన్న కవనెంట్ అనే మాటకు తెలుగు బైబిల్లో నిబంధన అని ఉంది. అయ్యగారికి అదే కావాలి. దానియేలు మామ ఒప్పుకోలేదు. "నిబంధన దేవుడు చేసిండు. వీళ్ళెవలు చేసెటందుకు? ఇంకోటి, టీవీల ప్రకటన అయినంక గబగబ చదువుతరు సూడు, నిబంధనలు వర్తిస్తాయని. గదా గిది?" అన్నాడు. ఒడంబడిక అందామంటే ఆ మాట ఎవరి నాలుకా తిరగలేదు. ఒప్పందం అందాం, అయిపోతుంది అన్నాను నేను. ఒప్పందం అంటే అగ్రిమెంటు, ప్లాట్లమ్మేటోళ్ళ మాట అని ఇంకొకాయన ముఖం చిట్లించాడు. నెలంతా ఈ గొడవే. వెనక బెంచీలోంచే మా అమ్మ ఇంకో మొదటి ఆదివారం ఉత్తచేతులతో ఇంటికి వెళ్ళింది. చివరికి ఒప్పందమే ఖాయమైంది. అది మొదటిరోజే చెప్పిన నన్ను ఎవరూ మెచ్చుకోలేదు.

నా రాతప్రతిని టైపు చేయడానికి అయ్యగారు ఖాజా భాయ్‌కు ఇచ్చారు. అప్పుడు బొంగులూరు గేటు చుట్టుపక్కల కొత్త వెంచర్లు పుట్టగొడుగుల్లా లేస్తున్నాయి. ఖాజా భాయ్ కంప్యూటర్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ప్లాట్ల అగ్రిమెంట్లే. ఒక అగ్రిమెంటు తెరవడం, అందులో పేర్లు మార్చడం, ప్రింటు తీయడం, ఇదీ పద్ధతి. మాది కూడా ఒప్పంద పత్రమే కదా అని పాత అగ్రిమెంటు ఒకటి తెరిచి, పైన ఉన్నది తీసేసి, మాది ఎక్కించాడు. పైన ఉన్నదే తీశాడు, చివర ఉన్నది ఉండిపోయింది. అయ్యగారు చూసుకోలేదు. ఆరాధన అయ్యాక కుర్చీలు గుండ్రంగా పడ్డాయి. అందరికీ కాగితాలు పంచారు. దానియేలు మామ కళ్ళజోడు పెట్టుకుని, చివరి పేజీ గొంతెత్తి చదివాడు. ఆంగ్లికన్ సంఘములు పరస్పరము గౌరవించుకొనుచు ఏకశరీరముగా నడుచుకొనవలెను. హద్దులు. తూర్పు, ముప్పై ఫీట్ల రోడ్డు. పడమర, ఇతరుల భూమి. ఉత్తరం, ఇతరుల భూమి. దక్షిణం, నాలా.

మామ కళ్ళజోడు తీసి చాలా గంభీరంగా, "అయ్యగారు, గీ తూర్పుదిక్కు రోడ్డు ఏ దేశపోళ్ళది?" అని అడిగాడు. అప్పుడు పగలబడి నవ్వాం. నవ్వి నవ్వి ఒకాయనకు పొలమారింది. నేను కూడా నవ్వాను, చాలా రోజుల తర్వాత. అందరూ కాగితాలు మడిచేస్తున్నారు. అప్పుడు అయ్యగారు, నవ్వు ముగిశాక కూడా ఆ పేజీ వైపే చూస్తూ, "జర ఆగుండ్రి. ఖాజా భాయ్ తప్పేం రాయలే. వాళ్ళు అడిగేది గిదే కదా. హద్దు యాడిదాంక, లోపల ఎవలు, బయట ఎవలు" అన్నారు. నాకు అరవాలనిపించింది. చక్కగా నవ్వుకుని ఇళ్ళకు వెళ్తున్న మనుషుల్ని మళ్ళీ కూర్చోబెట్టారు! "మన చర్చికి హద్దులు రాయాల్నంటె ఏం రాస్తం? తూర్పుకు ఏముంది, పడమరకు ఎవలున్నరు?" అని ఒక్కొక్కరినీ అడగడం మొదలుపెట్టారు. ఒకాయన విసుగ్గా కాంపౌండు గోడ ఉందన్నాడు. ఇంకొకాయన ఆవులించాడు.

దానియేలు మామ వంతు వచ్చింది. ఆయన కాగితాన్ని మోకాలి మీద సాపు చేశాడు. "నా బిడ్డున్నది" అన్నాడు. "పడమరకు ఇతరుల భూమి అని రాసిండు సూడు. గక్కడ నా బిడ్డున్నది."

అందరికీ తెలిసిన సంగతే, అందరం మర్చిపోయిన సంగతి. మామ కూతురు మేరీ కూడా నాలాగే బయటి అబ్బాయిని చేసుకుంది. అప్పటి కమిటీ ఆమెను దూరం పెట్టింది. ఆ కమిటీలో మామ కూడా ఉన్నాడు, కాయిదా అని సంతకం పెట్టాడు. మేరీ జల్‌పల్లికి వెళ్ళిపోయి వేరే చర్చిలో కలిసింది. ఇంటికి రావడం మానేసింది. "నా బిడ్డకు మూసిన తలుపు శాంతమ్మ బిడ్డకు తెరిస్తె, మరి నేను ఎందుకు మూసినట్టు? నా బిడ్డను నేను ఉత్తగనే పోగొట్టుకున్ననా?" అని అడిగాడు మామ. ఆయన నన్ను ఆపుతున్నది కాయిదా కోసం కాదని, ఆ తలుపు తెరుచుకుంటే తన సంతకం ఎందుకూ కాకుండా పోతుందని అప్పుడు తెలిసింది. ఇప్పుడు అడిగితే ఒప్పుకుంటాడు, ఇప్పుడే అడగండి అయ్యగారూ అని నేను కళ్ళతో బతిమాలాను. అయ్యగారు లేచి, మామ భుజం మీద చెయ్యి వేసి, "ఈ దినం చాలు. ఇంకోసారి కూసుందాం" అన్నారు.

ఆ రోజు ఇంటికి వచ్చి గిన్నెలన్నీ చప్పుడు చేస్తూ కడిగాను. నర్సింహ వంటింట్లోకి తొంగి చూసి, ఏమీ అడగకుండా వెనక్కి వెళ్ళాడు. తెలివైన మనిషి.

ఆ తర్వాత కూర్చోవడాలు నడుస్తూనే ఉన్నాయి. ఈలోగా మామ ఒకసారి జల్‌పల్లి వెళ్ళొచ్చాడని విన్నాం. వాకిట్లోంచే వచ్చేశాడట. ఇంకోసారి వెళ్ళాడు, ఆసారి చాయ్ తాగి వచ్చాడట. ఇదంతా కదులుతోందని అయ్యగారికి కనబడింది. నాకు మాత్రం అమ్మ కనబడేది. ఆమెకు మెట్లు ఎక్కితే ఆయాసం వచ్చేది. అప్పటికి గుండె దవాఖానకు రెండుమూడు సార్లు తిప్పాం. అంతలో అయ్యగారికి బదిలీ ఉత్తర్వు వచ్చింది. ఆయన చివరి ఆదివారం, అది నెలలో మొదటి ఆదివారమే, ఆరాధనకు ముందు లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేశాను.

"మీరెట్లనో పోతున్నరు అయ్యగారు. గీ ఒక్కసారి మా అమ్మకు, నాకు ఇయ్యిండ్రి. ఎవలు ఏమన్నా నేను పడ్త" అన్నాను.

ఆయన అంగీ గుండీలు పెట్టుకుంటున్నారు. గుండీ వదిలేసి నా వైపు తిరిగి, "లేదు బిడ్డా. ఇంకా జరంత దూరమే ఉన్నది. ఇప్పుడు నేను తొందరపడితె దానియేలు మళ్ల ఎనకకు పోతడు" అన్నారు.

"జరంత దూరమా? మా అమ్మ నడవగలదా గంత దూరం?" అని అరిచాను. బయట పాట మొదలైంది. ఆయన కళ్ళనిండా నీళ్ళు ఉన్నాయి కానీ మాట మార్చలేదు. నేను బయటికి వచ్చి అమ్మ పక్కన కూర్చున్నాను. వీడ్కోలు భోజనానికి ఆగలేదు.

అమ్మ ఆ వానాకాలంలోనే పోయింది. ఒక మధ్యాహ్నం అన్నం తిని, తలుపు దగ్గర గాలికి కూర్చుని, అక్కడే పక్కకు ఒరిగిపోయింది. కొత్త అయ్యగారు వచ్చి సమాధి చేశారు. పెట్టె మీద మొదటి పిడికెడు మట్టి వేసింది దానియేలు మామ. వేసి, అక్కడే చతికిలబడిపోయాడు. మళ్ళీ మొదటి ఆదివారం వచ్చినప్పుడు, ఆరాధన మధ్యలో ఆయన లేచి నిలబడి, కొత్త అయ్యగారితో అందరికీ వినబడేలా చెప్పాడు. "అయ్యగారు, సునీత సంగతి మేమందరం మస్తుసార్లు కూసోని మాట్లాడినం. విజయరత్నం అయ్యగారు ఉన్నప్పుడే మాట్లాడినం. మా కమిటీకి ఒప్పుదలే. నా బిడ్డకు చేసింది తప్పు. ఈమెకు చేసింది తప్పు." కమిటీలో ఒక్కరు కూడా కాదనలేదు. కొత్త అయ్యగారు సరేనని తలూపారు. నేను లేచి ముందుకు నడిచాను. నా పక్కన ఎవరూ లేచి రాలేదు. రొట్టె నోట్లో పెట్టుకుని వెనక బెంచీ వైపు చూశాను. నాలాగా బయట పెళ్ళి చేసుకున్నవాళ్ళకు ఆ తలుపు ఆ తర్వాత మళ్ళీ మూసుకోలేదు. విజయరత్నం అయ్యగారు అన్నది అన్నట్టే జరిగింది. అదే నాకు అన్నిటికంటే పెద్ద కోపం.

కొన్నాళ్ళకు అయ్యగారు ఫోన్ చేశారు. నన్ను బల్లకు రానిచ్చిన కబురు తెలిసి సంతోషంతో చేశారు. ఎవరు మాట్లాడారు, మామ ఏమన్నాడు, ఏ మాట ముందన్నాడు, ఒక్కటి వదలకుండా అడిగారు. అన్నీ చెప్పాను. "అమ్మతోని కలిసి తీసుకున్నవా?" అని అడిగారు. ఆమె పోయిన కబురు ఆయన దాకా చేరలేదు.

"అమ్మ పోయింది అయ్యగారు. అంతకు ముందే."

"నేను జర తొందరపడాల్సుండె" అన్నారు. ఆయన నోట ఆ మాట వినాలని ఎన్నాళ్ళు ఎదురుచూశానో. అనగానే అయ్యో లేదులెండి అని సర్ది చెప్పడం మర్యాద. "అవ్ అయ్యగారు, పడాల్సుండె" అన్నాను. ఆయన అవునన్నారు. ఇద్దరం ఏడ్చాం. ఆ తర్వాత చాలాసార్లు మాట్లాడుకున్నాం, ఆయన పోయేదాకా.

ప్రపంచ సంఘాల ఆ ఒప్పందం ఏమైందంటే, కొందరు సరేనన్నారు, కొందరు వద్దన్నారు, కొందరు జవాబే ఇవ్వలేదు. అది అలాగే వేలాడి, ఇప్పుడు కొత్త ప్రతిపాదనలై మళ్ళీ నా చేతికి వచ్చింది. ఇందులోనూ ఓపిక అనే మాట పేజీ పేజీకీ ఉంది. చదువుతుంటే ఎవరి ఓపిక, ఎవరి ఖర్చు మీద అని మార్జిన్లో రాయాలనిపించింది. రాశాను కూడా. అయినా కమిటీలో ఏ ఒక్కరినీ వదిలి ముందుకు వెళ్ళడం నాకు చేతకావడం లేదు. అది ఆయన అంటించిన జబ్బు. ఒకరు రాకపోతే నేనే వెళ్ళి పిలుచుకొస్తాను, నా మీద నాకే విసుగొచ్చేటంతగా.

ఇప్పుడు మా ముందు ఇంకో పిల్ల సంగతి ఉంది. మొదటి భర్త వదిలేసి పోతే, రెండో పెళ్ళి చేసుకుంది. ఆమెను బల్లకు రానివ్వడానికి కమిటీలో ఒకాయన ఒప్పుకోవడం లేదు. చిన్నవాడే, మంచివాడే, నన్ను అక్కా అని పిలుస్తాడు. వచ్చే నెల మాట్లాడుదాం, నాకు ఇంకా ఆలోచించుకోవాలని ఉంది అంటున్నాడు. నిన్న ఖాజా భాయ్ దగ్గరి నుంచి ఇంటికి వెళ్ళలేదు. కాగితాల కట్ట చంకన పెట్టుకుని తిన్నగా ఆ తమ్ముడి వాళ్ళింటికి వెళ్ళాను. కాగితం ఒకటి ఇచ్చాను. ఆయన అది తిప్పి చూస్తూ, "దీని గురించి వచ్చిన్రా అక్కా?" అని అడిగాడు.

"దీన్ని ఎప్పుడన్నా చదువు తమ్మీ, ప్రపంచం యాడికి పోదు" అన్నాను. "ఆ పిల్ల బల్లకు పోతలేదని వాళ్ళ నాయనమ్మ కూడ పోతలేదు. చూసినవా నువ్వు? నేను రేపు పొద్దుగాల మళ్ల వస్త. ఎల్లుండి కూడ వస్త. నువ్వు ఒప్పుకునేదాంక నిన్ను ఇడిచిపెట్ట. కాని నువ్వు జెల్ది ఒప్పుకోవాలె తమ్మీ. ఆ ముసలామెకు మెట్లెక్కితె ఆయాసం వస్తున్నది."